మా వాళ్లలో అలాంటివి ఉండవండి

కొవ్వూరులో పెళ్లాన్ని కొట్టే మగాడు ఏ కులంలో ఉంటాడో, ఏ పేటలో ఉంటాడో కనుక్కుందామని బయల్దేరితే చెప్పులరగడం తప్ప ఏమీ మిగలదు. మెయిన్‌రోడ్డు మేడలో పెద్దాయన్ని అడగండి. "ఆయ్, మా వాళ్లలో అలాంటివి ఉండవండి. కాలవగట్టు మీద చూడండి, పొద్దుగూకితే అదే బాగోతం" అంటారు. కాలవగట్టు మీద అడిగితే, "రెక్కాడితేగానీ డొక్కాడనోళ్లం బాబూ, మాకు కొట్టుకునే తీరికెక్కడిది? ఆ పక్క పేటలో అడుగు" అంటారు. పక్క పేటలో, బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి తమవాళ్లు చెయ్యెత్తడం మానేశారనీ, ఆ అలవాటు మసీదు సందులో ఉందనీ చెబుతారు. మసీదు సందులో తమ మతం ఒప్పుకోదంటారు. బ్రాహ్మల వీధిలో తమ ఇళ్లల్లో గొంతు పెంచడమే తప్పంటారు. కాస్త చదువుకున్నవాళ్లయితే మరీ దూరం పంపిస్తారు. అదంతా మెట్టలో అండి, గోపాలపురం, జంగారెడ్డిగూడెం వైపు, పొగాకు బ్యారన్ల దగ్గర బుర్రలు వేడెక్కి ఉంటాయి కదా అని. ఆ మెట్టవాళ్లేమో, డెల్టావాళ్లకి పొలాలు కౌలుకిచ్చేసి అరుగుల మీద కూర్చోవడం తప్ప పనేముంది, ఖాళీగా ఉన్న చేతులు ఊరుకుంటాయా అంటారు.

అందరి మాటా నమ్మి కూడిక వేస్తే సున్నా వస్తుంది. కానీ 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మాత్రం, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 30 మంది భర్త చేతిలో దెబ్బలో బలవంతమో చవిచూశారని తేల్చింది. ఆ ముప్ఫైమంది ఎవరింటి కోడళ్లో, ఎవరు కన్న కూతుళ్లో ఎవరికీ తెలియదు. మొగుళ్లు మాత్రం బొత్తిగా కనబడరు. మా గోదావరి జిల్లాల్లో మర్యాద ఎక్కువని లోకమంతా చెప్పుకుంటుంది. నిజమే, దెబ్బలు తినే మనిషి కూడా ఇక్కడ "కొట్టకండీ" అనే అంటుంది.

ఏ జనంలో ఎక్కువ, ఏ జనంలో తక్కువ, ఎందుకు తేడా అని ఈమధ్య చాలామందికి జిజ్ఞాస పుట్టింది. మంచిదే. అయితే ఈ జిజ్ఞాస ఎప్పుడూ పక్కవాళ్ల మీదే పుట్టడం చూస్తే అనుమానమొస్తుంది. ఎక్కడో ఒక ఆడమనిషికి తల పగిలిందని ఊళ్లో తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎలా ఉంది?" అని కాదు, "ఎవరిళ్లల్లో?" అని. జవాబు మన వాళ్లయితే అది ఆ కుటుంబం గొడవ. పరాయివాళ్లయితే అది ఆ కులం సంస్కృతి.

సర్వే చేసినవాళ్లు ఒక పొరపాటు చేశారు, లేదా మహోపకారం చేశారు. ఈ లెక్కని రాష్ట్రం మొత్తానికే ఇస్తారు గానీ జిల్లాలవారీగా ఇవ్వరు. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, ఇతరులు అని నాలుగు పెద్ద గంపల్లో పోస్తారే తప్ప మీ ఇంటిపేరు దాకా రారు. అందుకే కొవ్వూరు పెద్దమనుషులకి కంటినిండా నిద్ర పడుతోంది.

పోలీసు లెక్కలు జిల్లాలవారీగానే ఉంటాయి. వాటి విలువెంతో తెలియాలంటే 2022 ఏప్రిల్ 4 గుర్తు చేసుకోండి. ఆ రోజు జిల్లాలు చీల్చినప్పుడు కొవ్వూరు డివిజన్‌ని పశ్చిమ గోదావరిలోంచి తీసి రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలో కలిపారు. నదికి పడమటి ఒడ్డున ఉన్న ఊరు తూర్పు జిల్లా అయింది. ముందు రాత్రి చెంపదెబ్బ తిని పశ్చిమ గోదావరిలో పడుకున్న ఇల్లాలు తెల్లారి తూర్పు గోదావరిలో లేచింది. ఏ మొగుడూ మారలేదు, ఏ చెయ్యీ దిగలేదు. భీమవరంలో కూర్చున్న అధికారులకి మాత్రం ఆ మేరకు శాంతిభద్రతలు మెరుగుపడ్డాయి. నేరాలు తగ్గించడానికి సరిహద్దు జరపడంకన్నా చవకైన ఉపాయం ఇంకొకటి లేదు.

రాష్ట్రాల లెక్కలు ఇంకా వినోదం. ఇదే సర్వే నాలుగో విడతలో, అంటే 2015-16లో, మన రాష్ట్రం అంకె 43. అయిదో విడతకి 30కి దిగింది. అదే కాలంలో కర్ణాటక 20 చిల్లర నుంచి 44కి ఎగబాకింది. నాలుగైదేళ్లలో తెలుగు మొగుళ్లందరూ ఋషులై, కన్నడ మొగుళ్లందరూ రాక్షసులయ్యారా? బళ్లారి దగ్గర సరిహద్దు దాటితే చేతికి దురద పుడుతుందా? అలా అనుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు మన టీవీ చర్చల్లో కావలసినంతమంది దొరుకుతారు. ఎవరు అడిగారు, ఎలా అడిగారు, అడిగినప్పుడు ఇంట్లో ఎవరున్నారు అన్నదాన్నిబట్టి కూడా అంకె లేస్తుంది, పడుతుంది అని చెప్పేవాణ్ణి ఎవరూ చర్చకి పిలవరు.

యూరప్‌వాళ్లకీ ఈ తలనొప్పి తప్పలేదు. యూరోపియన్ యూనియన్ హక్కుల సంస్థ 28 దేశాల్లో ఆడవాళ్లని అడిగి 2014లో ఆ లెక్కలు బయటపెట్టింది. పదిహేనేళ్లు దాటాక ఎవరి చేతిలోనైనా దెబ్బలో లైంగిక హింసో ఎదుర్కొన్నామన్నవాళ్లు డెన్మార్క్‌లో నూటికి 52, ఫిన్లాండ్‌లో 47, స్వీడన్‌లో 46. పోలండ్‌లో 19. ఆడామగా సమానత్వానికి లోకమంతా దండం పెట్టే దేశాలు పై వరసలో కూర్చున్నాయి. పండితులు జుట్లు పీక్కున్నారు, ఇంకా పీక్కుంటూనే ఉన్నారు. వాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం మన మామ్మలక్కూడా తెలుసు. చెబితే పరువు పోయేది కొట్టినవాడిదైన చోట ఆడవాళ్లు చెబుతారు, తిన్నవాళ్లదైన చోట నోరు మూసుకుంటారు. ఆ లెక్కన ఒక కులంలో అంకె తక్కువగా ఉందంటే చప్పట్లు కొట్టేముందు ఆ ఇంటి కిటికీ తలుపులు ఒకసారి చూడాలి.

చూద్దాం. మన జాతీయ సర్వేకి వచ్చిన అమ్మాయి "మీ ఇంట్లో హింస ఉందా?" అని అడగదు. అలా అడిగితే ఊరు ఊరంతా లేదనే అంటుంది. చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా, నెట్టాడా, ఏదైనా విసిరాడా, పిడికిలితో గుద్దాడా, కాలితో తన్నాడా, గొంతు నులిమాడా, కావాలని కాల్చాడా అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఇంటికి ఒక్క ఆడమనిషినే, అదీ చాటున కూర్చోబెట్టి అడగాలి. చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నల జోలికే పోకూడదు. 18 నుంచి 49 ఏళ్లలోపు వాళ్లనే అడగాలి. యాభై దాటిన ఇల్లాలికి తగిలిన దెబ్బ ఏ లెక్కలోకీ రాదు, అది ఆవిడ సొంత పొదుపు.

ఇప్పుడా అమ్మాయి ఊడ్పుల రోజుల్లో పేటకి వెళ్లిందనుకోండి. మగవాళ్లు పనికి పోయారు, అత్త కూడా పనికే పోయింది. ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉండిపోయిన మనిషి ఒక్కతే అరుగు మీద దొరుకుతుంది. కావలసినంత చాటు. అడిగినవన్నీ చెప్పి, అడగనివి రెండు కలిపి చెబుతుంది. అదే అమ్మాయి మేడకి వెళితే ముందు గేటు, గేటు దగ్గర కుక్క, కుక్క వెనక వాచ్‌మన్. లోపలికెళ్లాక అత్తగారు ఫిల్టర్ కాఫీ ఇచ్చి పక్కనే సోఫాలో సర్దుకుని, "అడగమ్మా, మా కోడలికి నా దగ్గర దాపరికాల్లేవు" అంటుంది. కోడలు నవ్వుతుంది. ఆ ప్రశ్నల పేజీ ఖాళీగా బయటికొస్తుంది.

పేటలో రెండు ఇళ్లకి మధ్య గోడ ఒకటే. దెబ్బ ఇటు పడితే చప్పుడు అటు. పక్కింటి మామ్మ చీపురు పట్టుకుని వచ్చి, "ఏరా, సంపేత్తావా దాన్ని?" అని వీధంతా వినబడేలా అడుగుతుంది. ఆ అరుపుతోనే ఆ కులానికి చెడ్డపేరు. మేడల్లో ప్రహరీకీ ప్రహరీకీ మధ్య మామిడిచెట్టు, పైన ఏసీ మోత, హాల్లో సీరియల్. కేక వినిపించినా పక్కమేడవాళ్లు టీవీ సౌండు పెంచుకుంటారు. ఎవరి సంసారాల్లో తలదూర్చని సంస్కారం. ఆ మామ్మకి సంస్కారం లేదు కాబట్టి పేటలో కొన్ని ప్రాణాలు నిలబడ్డాయి.

ఇక్కడ ఎవరైనా లేచి, "అంటే పేదిళ్లల్లోనూ ఉన్నిళ్లల్లోనూ ఒకటేనంటారా?" అని అడగొచ్చు. అనను. దేశం మొత్తమ్మీద సంపదనిబట్టి అయిదు మెట్లు చేసి చూస్తే అట్టడుగు మెట్టు మీద ఆడవాళ్లు చెప్పిన దెబ్బల లెక్క పై మెట్టుకన్నా రెట్టింపు పైనే. అప్పులు, ఒంటిగది ఇల్లు, పని దొరకని రోజు, ఇవన్నీ చేతిని లేపుతాయి. అది నిజం. పై మెట్టు మీది లెక్కలో ఎంత భాగం ప్రహరీ లోపలే ఉండిపోయింది అన్నదీ అంతే నిజమైన ప్రశ్న. మొదటిదాని మీద మాట్లాడ్డానికి మనకి సభలున్నాయి. రెండోదాని మీద మాట్లాడితే సభకి చందాలిచ్చేవాళ్లకి కోపమొస్తుంది.

ఆస్పత్రి సంగతీ అంతే. కనుబొమ్మ చిట్లి, మోచెయ్యి వాచి వచ్చిన ఆడమనిషి డాక్టరుగారికి చెప్పే మాట అన్ని కులాల్లోనూ ఒకటే: "బాత్రూంలో జారి పడ్డానండి." ఇందులోనూ ఉన్నవాళ్లే అదృష్టవంతులు. గ్రానైటు, మార్బులు, ఇటాలియన్ టైల్సు ఉన్నచోట జారడానికి అవకాశమెక్కువ. తడికల మరుగున నాపరాయి మీద స్నానం చేసే మనిషికి జారిపడ్డానని చెప్పుకునే సౌకర్యం కూడా లేదు, పాపం కొట్టాడనే చెప్పాలి. డాక్టరుగారు చీటీ మీద "జారిపడుట" అని రాసి, కుట్లు వేసి, మందులు రాస్తారు. రెండు బుగ్గల మీదా నాలుగేసి వేళ్ల అచ్చులు వేసే బాత్రూం ఏ కంపెనీదో ఆయన అడగరు. మెడికో లీగల్ కేసు అంటే స్టేషను, సమను, సాక్ష్యం. అవతల ఓపీలో ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

అసలు కొట్టడం తప్పా కాదా అన్నదే ఇంకా తేలలేదు. అదే సర్వే ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో ఏ ఒక్కదానికైనా మొగుడు కొట్టడం న్యాయమేనా అని అడిగింది. చెప్పకుండా బయటికెళితే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు చెబితే, పక్కలోకి రానంటే, వంట సరిగా చెయ్యకపోతే, నడత మీద అనుమానమొస్తే, అత్తమామల్ని మర్యాదగా చూడకపోతే. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 83.6 మంది ఆడవాళ్లు, న్యాయమే అన్నారు. తెలంగాణలో 83.8. రాష్ట్రాన్ని చీల్చడానికి అన్నేళ్లు కొట్టుకున్నవాళ్లం ఈ ఒక్క విషయంలో దశాంశం తేడాతో అన్నదమ్ములం. హిమాచల్‌ప్రదేశ్‌లో అదే మాట అన్నవాళ్లు 14.8. అక్కడ భర్త చేతిలో దెబ్బలు తిన్నామన్నవాళ్లు కూడా నూటికి పదిమంది లేరు. మన మగవాళ్లలో న్యాయమే అన్నవాళ్లు మన ఆడవాళ్లకన్నా తక్కువ. చూశారా, మగాడే నయం అనకండి. కోర్టులో ముద్దాయికన్నా ముందే బాధితురాలు నేరం ఒప్పేసుకుంటే ముద్దాయికి వకీలు ఖర్చు కలిసొస్తుంది, అంతే.

వంట సంగతి ఒక్కటి విడిగా చెప్పుకోవాలి. గోదావరికి ఎర్రనీళ్లు తగలగానే మా వైపు పులస సీజను. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. సామెత చెప్పేవాడి మెడలో పుస్తెలుండవు. ఆవిడ మెడలోవి అమ్మి, ఆయన వేలు పోసి చేప తెచ్చి, ఆవిడే మట్టి దాకలో పులుసు కాచి రాత్రంతా నిలవబెట్టాక, తెల్లారి ఆయన నాలిక మీద పులుపు ఒక పిసరు ఎక్కువైతే అయిదో నంబరు కారణం కింద న్యాయమే. ముల్లు గుచ్చుకుంటే ఆరో నంబరు కూడా కలపొచ్చు. బండారు లంకలో అడిగినా, దొమ్మేరులో అడిగినా ఈ సామెత నవ్వుతూనే చెబుతారు. నవ్వు మా పంట.

ఇక తాగుడు. దీని మీద అందరూ ఏకగ్రీవం. "మనిషి బంగారమండి, మందు పడితేనే." తరచూ తాగొచ్చే మొగుళ్లున్న ఆడవాళ్లలో నూటికి సుమారు 70 మంది దెబ్బలు చూశారని, తాగనివాళ్ల భార్యల్లో 23 మంది చూశారని దేశం మొత్తమ్మీద ఆ సర్వే లెక్క. తేడా చిన్నది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు 1992లో సారా ప్యాకెట్ల మీద చీపుర్లు తిప్పింది ఊరికే కాదు. వాళ్ల దెబ్బకి 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో ముఖ్యమంత్రి రామారావుగారి సంతకంతో మొత్తం మద్యమే పోయింది. 1997లో మళ్లీ వచ్చింది, ఖజానాకి దాహమేసి. 2019 తర్వాత దశలవారీగా మానిపిస్తామని చెప్పి సర్కారే కొట్టు తెరిచింది. 2024 అక్టోబరు నుంచి ప్రైవేటు కొట్లలో 99 రూపాయలకే క్వార్టరు. ఆడవాళ్లు వీధికెక్కి సంపాదించిన దాన్ని అమ్ముకోవడానికి ప్రభుత్వాలకి పట్టిన వ్యవధి చూడండి. మొగుడి చేతిలో సీసా పెట్టేదీ, భార్య చేతిలో హెల్ప్‌లైన్ నంబరు పెట్టేదీ ఒకే సర్కారు. రెండు కౌంటర్లూ బాగా నడుస్తున్నాయి.

అయినా ఆ 23 మంది సంగతేమిటి? వాళ్ల మొగుళ్లు చుక్క ముట్టరు. కార్తీకమాసంలో గోష్పాద రేవులో మునిగి, ఉల్లిపాయ కూడా మానేసి, నెత్తి తుడుచుకుంటూ ఇంటికొచ్చి చెయ్యి చేసుకునే శిష్టులు. వీళ్లకి ఏ బ్రాందీ షాపు మీద నేరం నెట్టాలి? తాగినవాడి సంగతీ గమనించాను. ఎంత తాగినా రోడ్డు కం రైలు వంతెన మీద ఎస్సైగారు కనబడితే దండం పెట్టి బండి నడిపించుకుంటూ పోతాడు. బార్‌లో తనకన్నా బలిసినవాడు మీసం తిప్పితే "అన్నా" అంటాడు. అంత మత్తులోనూ ఎవరిని కొడితే తిరిగి కొట్టరో మరిచిపోడు.

అవతలి ఒడ్డు రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించారు. మొగుడు పోయిన ఆడదాని కష్టానికి ఈ నది దగ్గర అంత చరిత్ర ఉంది. మొగుడున్న ఆడదాని కష్టానికి ఇంకా ఎవరూ ముహూర్తం పెట్టలేదు. పెద్దల పంచాయితీ మాత్రం పెడతారు. ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలు, ఇటు నలుగురు, అటు నలుగురు, మధ్యలో థమ్సప్పులు. పిల్ల వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది, కుర్చీ ఎవరూ వెయ్యరు. మొదటి గంట సారె బాకీ, పెళ్లిలో ఇస్తామన్న బండి, పసిపిల్ల బారసాలలో మావగారి పక్క కూర్చోబెట్టలేదన్న అవమానం. అన్నీ అయ్యాక ఎవరో "ఆ... పిల్లవాడు ఏదో చెయ్యి చేసుకున్నాడంటున్నారు" అంటారు. పిల్లవాడికి ముప్ఫై నాలుగేళ్లు. "తప్పురా అబ్బాయ్" అని పెద్దాయన ఒక మాట, "నువ్వూ కాస్త నోరు తగ్గించుకోవాలమ్మా" అని ఇంకో మాట. దెబ్బకి మాట చెల్లు. కారియర్‌లో పులిహోర సర్ది పిల్లని అదే కారెక్కిస్తారు.

చట్టం లేదా అంటే ఉంది. 1983 నుంచి శిక్షాస్మృతిలో భర్త క్రూరత్వం మీద 498-ఏ ఉండేది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85. 2006 అక్టోబరు 26 నుంచి గృహహింస చట్టం అమల్లో ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆవిణ్ణి అందులోంచి గెంటకూడదంటుంది, రక్షణాధికారి ఉండాలంటుంది, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి మెజిస్ట్రేటు ప్రయత్నించాలంటుంది. బాగానే రాశారు. కానీ దేశంలో దెబ్బలు తిన్న ఆడవాళ్లలో నూటికి 77 మంది ఎవ్వరి దగ్గరా నోరు విప్పలేదు, సాయం అడిగినవాళ్లు 14 మంది. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది వెళ్లేది పుట్టింటికే. పుట్టింటివాళ్లు తీసుకెళ్లేది, పైన చెప్పిన ప్లాస్టిక్ కుర్చీల దగ్గరికే.

కులంలోనే ఏదో ఉందనుకునేవాళ్లు ఒక్కసారి అమెరికా వైపు చూడండి. ఇదే కొవ్వూరు కుటుంబం, ఇదే కులం, ఇదే పిల్ల, బీటెక్ ఫస్ట్‌క్లాసు, ఇక్కడ నెలకింతని తెచ్చుకునేది. హెచ్-4 వీసా మీద వెళ్లగానే అక్కడ రూపాయి సంపాదించే హక్కు లేదు. 2015 మే తర్వాత కొందరికి పని అనుమతి దొరికింది, అదీ మొగుడి గ్రీన్‌కార్డు కాగితాలు ఒక మెట్టు ఎక్కితేనే. బ్యాంకు ఖాతా ఆయనది, కారు ఆయనది, పాస్‌పోర్టు ఆయన సొరుగులో. చీపురు పట్టుకొచ్చే మామ్మ లేదు. న్యూజెర్సీలో దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1985లోనే 'మానవి' అని ఒక సంస్థ పెట్టాల్సి వచ్చిందంటే డాలర్లు ఈ జబ్బుకి మందు కాదని అప్పుడే తేలిపోయింది. వీడియోకాల్‌లో అమ్మ మాత్రం, "గ్రీన్‌కార్డు వచ్చేదాకా సర్దుకో తల్లీ" అంటుంది. ఆ కార్డుకి మనవాళ్లు ఎన్నేళ్లు వరసలో నిలబడుతున్నారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

తేడా ఎక్కడుందో కనిపెట్టినవాళ్లు లేకపోలేదు. బీనా అగర్వాల్, ప్రదీప్ పండా అని ఇద్దరు పరిశోధకులు కేరళలో తిరువనంతపురం జిల్లా పల్లెల్లో, పట్నంలో సుమారు 500 మంది పెళ్లయిన ఆడవాళ్లని అడిగి 2005లో అచ్చువేశారు. తన పేరున భూమీ ఇల్లూ ఏదీ లేని ఆడవాళ్లలో నూటికి 49 మంది దెబ్బలు తిన్నారు. రెండూ తన పేరున ఉన్నవాళ్లలో ఏడుగురు. చదువు, మొగుడి సంపాదన, తాగుడు అన్నీ తీసి పక్కన పెట్టినా తేడా నిలబడింది. వెళ్లిపోవడానికి గుమ్మం ఉన్న మనిషి మీద చెయ్యెత్తేముందు మొగుడు రెండుసార్లు ఆలోచిస్తాడన్నమాట. జాతిలక్షణం అనుకున్నది పాస్‌బుక్ లక్షణమని బయటపడింది.

ఆ పాస్‌బుక్ మన ఆడపిల్లలకి ఎప్పుడో ఇచ్చారు. 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా అని తెలుగుదేశం ప్రభుత్వం చట్టం తెచ్చింది. దేశం మొత్తానికి ఆ బుద్ధి పుట్టింది 2005లో. ఇరవయ్యేళ్లు ముందున్నాం, గర్వపడొచ్చు. ఆ వాటా ఏమైందో చూడాలంటే పెళ్లిళ్ల సీజను అయ్యాక ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందైనా వేపచెట్టు కింద కాసేపు నిలబడండి. కారు ఆగుతుంది. అన్నగారు దిగి చెల్లెలికి తలుపు తీస్తాడు. జన్మలో ఆయన ఆవిడకి కారు తలుపు తీసింది అదొక్కసారే. కొత్త పట్టుచీర, దాని మడత ఇంకా విరగలేదు. దస్తావేజు లేఖరి వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేస్తుంది. "నా వాటా కింద పెళ్లి సమయంలో ముట్టినందున" అని ఉంటుంది అందులో. ముట్టింది కట్నం, అది అల్లుడి ఖాతాలో ఉంది. తనకి ముట్టింది బొటనవేలికంటిన సిరా. చేతి కింద తుండుగుడ్డ పెట్టి తుడుస్తారు, హోటల్లో భోజనం పెట్టిస్తారు, సాయంత్రానికి అత్తారింట దింపేస్తారు. ఆ పొద్దుటిదాకా ఆవిడకి రెండు ఇళ్లు. ఆ రాత్రి నుంచి ఎవరింట్లోనో ఉంటోంది.

గమ్మత్తేమిటంటే 2020 డిసెంబరు నుంచి ఈ రాష్ట్రంలో దాదాపు 30 లక్షల ఇళ్లస్థలాల పట్టాలు పేదింటి ఆడవాళ్ల పేర్ల మీదే ఇచ్చారు. స్థలం ఎక్కడుందో, వానాకాలం అక్కడ నీళ్లు ఎంత లోతో అది వేరే కథ. కాగితం మాత్రం ఆవిడదే. మేడలో కోడలి పేరు మీద కరెంటు బిల్లు కూడా లేదు. ఈ లెక్కన పై మెట్టుకీ కింది మెట్టుకీ మధ్య తేడా రేపెటు తిరుగుతుందో చెప్పలేం. అప్పుడు "ఆ పేటలో చూడండి" అనడానికి ఇంకో పేట వెతుక్కోవాలి.

ఇదంతా ఓ సాయంత్రం మా పెద్దమనిషి ఒకాయనకి విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఇంగ్లీషు అంకెలకి తలూపారు. "అయితే ఏం చెయ్యమంటారండి?" అన్నారు. "మీ అమ్మాయికి అరెకరం ఆవిడ పేరున ఉంచండి, అల్లుడి పేరున కాదు. మీ కోడలి వాటా వాళ్లన్నయ్య రాయించుకోబోతుంటే వద్దనమనండి" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు.

"అరెకరం ఇప్పుడు ఎంత పలుకుతుందో తమరికి తెలిసినట్టు లేదు. ఇంత చిన్నదానికి అంత ఖర్చా అండీ? మా అమ్మాయిగారి బాత్రూంలో జారని టైల్స్ వేయించేస్తున్నాం లెండి. మేస్త్రీకి చెప్పేశాను."